పెట్రోలులో నీరు – నడియేటిలో పడవ

నార్కట్‌పల్లిని గూర్చి చెప్పుచు పడవల మాట యెత్తుట చదువరులలో కొందరికి వింతగా తోచవచ్చును. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారినుండి, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి పోవు రహదారి చీలునది ఇచ్చటనే. ఇది మెట్టప్రాంతము. త్రాగునీటిలోని ఫ్లోరైడు చేత తరతరములుగా ఎముకలు వంగిన ప్రజలున్న జిల్లా నల్లగొండ. ఇట్టి చోట బండ్ల మాట, బోరుబావుల మాట వినబడునుగాని పడవ మాట యెక్కడిదని యడుగవచ్చును. కాని కాలము మారినది. నార్కట్‌పల్లి మండలములోని బ్రాహ్మణ వెల్లెంల జలాశయము 2024 డిసెంబరు 7వ తేదీన ప్రారంభోత్సవము పొందినది. నల్లగొండ చెంత ఉదయసముద్రము నిండుచున్నది. ఇదే జిల్లా దక్షిణపు సరిహద్దున నాగార్జునసాగరము సముద్రమువలె పరచుకొనియున్నది. నీరు వచ్చిన చోటికి చేప వచ్చును. చేప వచ్చిన చోటికి పడవ వచ్చును. పడవ వెనుక నేడు తెడ్డు కాక ఇంజను వచ్చుచున్నది.

మరియొక కారణము కూడ కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములను మన ప్రజలు ఇంకను మరువలేదు. మున్నేరు పొంగి ఖమ్మమును ముంచెను. బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగునగరు ప్రాంతమును దినముల తరబడి నీట నుంచెను. ప్రకాశము బరాజు వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహము వచ్చెను. జాతీయ రహదారి నీట మునిగి తెగిపోగా, హైదరాబాదునుండి బయలుదేరిన బండ్లను మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు దారిని మళ్లించవలసివచ్చెను. ఆ దినములలో విజయవాడ వీథులలో తిరిగినవి కార్లు కావు, మోటారు పడవలు. మేడలమీద కూర్చున్న ముసలివారికి, బాలెంతలకు, పసిపిల్లలకు పాలు తెచ్చినదియు, వారిని ఒడ్డుకు చేర్చినదియు ఆ పడవల వెనుక తగిలించిన చిన్న ఇంజనే. అట్టి ఇంజను నడినీట ఆగిపోయిన యెడల ఏమగునో ఊహించుటకు పాండిత్యము అక్కరలేదు.

ఆ ఇంజను ఆగుటకు గల కారణములలో సామాన్యమైనదియు, తేలికగా నివారింపదగినదియు ఒకటి కలదు. అది ఇంధనములో నీరు చేరుట. ఇది చిల్లర విషయమని, మెకానిక్కు చూచుకొనదగినదని పెద్దలు ఇంతకాలము ఉపేక్షించిరి. ఆ యుపేక్షకు కాలము చెల్లినదని మా యభిప్రాయము. ఏలయనగా గడచిన కొన్ని సంవత్సరములలో మన పెట్రోలు స్వభావమే మారినది. పెట్రోలు మారినప్పుడు దానిలో చేరిన నీటి స్వభావమును, దానికి చేయదగిన చికిత్సయు మారును. ఈ మార్పును తెచ్చినది ప్రభుత్వము. దాని ఫలమును అనుభవించునది పడవవాడు. వీరిరువురి నడుమ ఈ సంగతిని విప్పి చెప్పినవారు లేకపోవుటచే మేము నేడు వ్రాయుచున్నాము.

ముందుగా పాత సంగతి. కేవలమైన పెట్రోలునకు నీటికి పొత్తు లేదు. నీరు బరువు, పెట్రోలు తేలిక. ఒక సీసాలో రెంటిని పోసి కదలించి నిలిపిన యెడల కొన్ని నిమిషములలోనే నీరు అడుగునకు దిగును, పెట్రోలు పైన తేలును. నడుమ గీత గీసినట్లు కనబడును. పాలనుండి నీటిని వేరుచేయుటకు హంస కావలెనందురు; పెట్రోలునుండి నీటిని వేరుచేయుటకు హంసతో పనిలేదు, ఓపిక యున్న చాలును. కాబట్టి వెనుకటి పడవవాడు డబ్బాను ఒక రాత్రి కదలింపక యుంచి, అడుగున నున్న నాలుగు గుక్కల నీటిని వంచివేసి, మిగిలినది వాడుకొనెడివాడు. మిగిలిన కొద్దిపాటి తడికి కొంత స్పిరిటు పోసెడివాడు. స్పిరిటు ఆ తడిని తనలో కలుపుకొని పెట్రోలుతోపాటు మండిపోయెడిది. ఈ చిట్కా తండ్రినుండి కొడుకునకు వచ్చినది. నిన్నటివరకు అది మంచి చిట్కాయే.

ఇక కొత్త సంగతి. నేడు బంకులలో అమ్ముచున్నది కేవలమైన పెట్రోలు కాదు. అందులో ఎథనాలు, అనగా చెరకు మడ్డినుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి తీసిన సారము కలిసియున్నది. ఈ యోచన కొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948లో, పెట్రోలులో ఈ సారమును కలుపుటను గూర్చి ఇండియాలో ఒక చట్టము చేయబడెను. అది 2000 సంవత్సరములో రద్దయ్యెను. 2003లో తొమ్మిది రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపుటకు పూనుకొనిరి; నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. 2018 నాటి జీవ ఇంధన విధానము 2030 నాటికి నూటికి 20 పాళ్లను లక్ష్యముగా నిర్ణయించెను. 2022లో ఆ గడువును 2025–26కు ముందుకు జరిపిరి. ఆ సంవత్సరము జూను నాటికే 10 పాళ్లు నెరవేరెను. 2023 ఫిబ్రవరి 6న ప్రధానమంత్రి బెంగుళూరులో 20 పాళ్ల పెట్రోలును ప్రారంభించిరి. 2025 నాటికి దేశమంతట సాధారణ పెట్రోలన్న అదియే యయ్యెను.

ఎథనాలునకు ఒక గుణము కలదు. అది పెట్రోలుతోను కలియును, నీటితోను కలియును. కాని నీటిపై దానికి ప్రీతి హెచ్చు. గాలిలోని తేమను సైతము అది పీల్చుకొనును. కొద్దిపాటి నీరు వచ్చినంతవరకు దానిని తన కొంగున దాచుకొనును. పైకి ఏమియు కనబడదు. సీసాలో గీత కనబడదు. చూచువాడు పెట్రోలు శుభ్రముగా నున్నదని నమ్మును. నూటికి 10 పాళ్లు కలిపిన పెట్రోలు, వాతావరణము కొంత చల్లగా నున్నప్పుడు, నూరు లీటర్లకు రమారమి అర లీటరు నీటిని ఇట్లు దాచగలదు. 20 పాళ్లదైనచో అంతకంటె కొంత ఎక్కువ దాచును. ఆ హద్దు దాటినంతనే, లేక రాత్రి చలికి ఆ హద్దు తగ్గినంతనే, ఎథనాలు పెట్రోలును విడిచి నీటితో కలిసి ఒక్కుమ్మడిగా అడుగునకు దిగిపోవును. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. పాత నీరు వీథి దొంగ. వచ్చిన గుర్తు కనబడెడిది. కొత్త నీరు ఇంటి దొంగ; లోపలివాని చేయి పట్టుకొని వచ్చును.

ఇట్లు విడిపోయిన తరువాత జరుగునది ముఖ్యము. అడుగున చేరినది నాలుగు గుక్కల నీరు కాదు. నీరును, దానితో దిగిన ఎథనాలును కలిసిన పెద్ద పొర. పైన మిగిలినది ఎథనాలు కోల్పోయి బలము తగ్గిన పెట్రోలు. పడవ ఇంజనునకు ఇంధనమును తీయు గొట్టము తొట్టి అడుగుననే యుండును. కాబట్టి అది మొదట పీల్చునది ఆ పొరనే. చిన్న ఇంజనులలో పెక్కింటికి కందెన నూనెను పెట్రోలులోనే, సాధారణముగా 50 లీటర్లకు 1 లీటరు చొప్పున, కలుపుదురు. అడుగు పొరలోనికి ఈ నూనె చాలినంత దిగదు. ఇంజను ఆగిపోయినచో ఒక విధముగా అదృష్టమే. ఆగక కొంతసేపు నడిచినచో నూనె లేక ముషలము గోడను గీరుకొని పట్టివేయును. ఒక సంవత్సరపు సంపాదన అచ్చటనే కరిగిపోవును.

పాత చిట్కా ఇచ్చట ఎందుకు పనికిరాదో చదువరులకు ఇప్పుడు తెలిసియుండును. విడిపోయిన పెట్రోలులో మరికొంత స్పిరిటు పోయుట దాహముతో నున్న దొంగకు మజ్జిగ ఇచ్చుటయే. అదియు పోయి అడుగు పొరలోనే చేరును. అడుగు పొరను వంచివేసి పైది వాడుకొనుటయు తగదు. పైది పూర్వపు పెట్రోలు కాదు. ఒకమారు విడిపోయిన ఎథనాలు పెట్రోలునకు చికిత్స లేదు. దానిని తీసివేయుటయే చికిత్స.

ఆ మధ్య సాగరపు ఒడ్డున ఒక పడవవానితో మేము మాటలాడితిమి. ఏబది యేండ్లవాడు, తండ్రి పుట్టి వేసిన చోట తాను మోటారు పడవ వేయుచున్నాడు. స్పిరిటు పోసియు, డబ్బా వంచియు ఇంజను బాగుపడక రెండు దినముల వేట పోగొట్టుకొనియున్నాడు. తప్పెవరిదని మే మడుగగా అతడు చెప్పిన మాట మా చెవులలో నింకను నున్నది. "అయ్యా, పైసలిచ్చి కొన్నది నేను. అండ్ల నీళ్లు ఎవరు పోసిండ్రో, సారా ఎవరు కలిపిండ్రో నాకెరుక లేదు. నడిమి నీళ్లల్ల ఇంజను ఆగితే కృష్ణమ్మకు ఎవరి పేరు చెప్పాలె?" అనెను. బంకువాడు తన తొట్టి శుభ్రమనును. నూనె కంపెనీవారు తమ సరకు ప్రమాణమునకు సరిపోయినదందురు. ప్రభుత్వమువారు పథకము జయప్రదమైనదందురు. ముగ్గురి మాటయు నిజమే కావచ్చును. ఐనను ఇంజను ఆగినది. పడవలో నున్నవాడు మాత్రము నాలుగవవాడు.

నీరు ఎచ్చటనుండి వచ్చుననునది తరువాతి ప్రశ్న. మొదటిది బంకులోని భూగర్భపు తొట్టి. వర్షాకాలములో మూతల సందులనుండి నీరు దిగును. 2025 జూనులో మధ్యప్రదేశములోని రత్లాము వద్ద ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి వాహనశ్రేణికి చెందిన 19 బండ్లు ఒక బంకులో డీజిలు పోయించుకొని, కొంతదూరము పోయి ఒకదాని వెనుక నొకటి నిలిచిపోయెను. డీజిలులో నీరు కలిసియుండెను. వాన నీరు తొట్టిలోనికి దిగినదని నాడు చెప్పిరి. ముఖ్యమంత్రి బండ్లు కాబట్టి ఆ రాత్రియే అధికారులు పరుగెత్తి వచ్చి బంకునకు తాళము వేసిరి. సాగరపు బోటువాని డబ్బాలో నీరున్నచో ఎవరు పరుగెత్తి వత్తురు? రెండవది మన డబ్బా. బంకునకు పడవ రాలేదు కాబట్టి పెట్రోలు డబ్బాకెక్కి పడవకు పోవును. మూత సరిగా లేని డబ్బా, వానలో నుంచిన డబ్బా, నిన్న నీళ్లు మోసిన డబ్బా – ఇవి మన యిండ్లలో సామాన్యము. మూడవది గాలి. సగము ఖాళీయైన తొట్టిలో పగటి వేడికి, రాత్రి చలికి గాలి లోపలికి బయటికి పోవుచుండును. దానితో వచ్చిన తేమ గోడలపై చెమర్చి లోనికి దిగును. నాలుగవది పడవ స్వభావమే; అలయు వానయు దానికి నిత్యబంధువులు.

కావున పడవవారును, పడవలు గలవారును చేయదగినదేమి? మాకు తెలిసినంతవరకు చెప్పెదము.

ఇంజను మెల్లగా నున్నప్పుడు నడిచి, వేగము పెంచగనే దగ్గి, తడబడి ఆగినచో మొదట నీటిని అనుమానింపవలెను. మాటిమాటికి త్రాడు లాగి ఇంజనును రేపుటకు యత్నింపరాదు. ప్రతి లాగుడును మరికొంత నీటిని లోపలికి తీయును. లంగరు వేసి పడవను నిలుపుట మొదటి పని. అంతట పాత తొట్టి గొట్టమును తీసి, వేరుగా దాచియుంచిన శుభ్రమైన చిన్న డబ్బాకు తగిలింపవలెను. అట్టి రెండవ డబ్బా లేనిదే నీటిలోనికి పోరాదు. తెడ్డును, లంగరును, రెండవ డబ్బాయు ఇంజను గల పడవకు పాత కాలపు వస్తువులు కావు, ప్రాణములు.

ఒడ్డు చేరిన తరువాత ఇంజను చల్లారనిచ్చి, గాలి ఆడుచోట, బీడీ నిప్పునకు దూరముగా పని చేయవలెను. నీరు వేరుచేయు ఫిల్టరు గిన్నెను విప్పి వంచవలెను. కార్బురేటరు అడుగున నున్న మరను విప్పి అందులోనిది ఒక గాజు సీసాలో పట్టి చూడవలెను. ప్లగ్గులను తీసి ఆరబెట్టవలెను. తొట్టిని పూర్తిగా ఖాళీచేసి తుడిచి, ఆరనిచ్చి, కొత్త పెట్రోలు కొద్దిగా పోసి, గొట్టములను కడిగి, ఆపైన నింపవలెను. కొంతసేపు నడిపిన తరువాత ఫిల్టరు గిన్నెను మరల చూడవలెను. మొదటిమారు కనబడని నీరు రెండవమారు కనబడుట కలదు. ఫిల్టరు గూర్చి ఒక హెచ్చరిక: అది విడి నీటిని చక్కగా పట్టును, ఎథనాలుతో కలిసిన నీటిని అంత చక్కగా పట్టలేదు. కాబట్టి ఫిల్టరున్నదని నిర్భయముగా నుండరాదు. వంచిన చెడు పెట్రోలును జలాశయములో పారబోయుట పాపము మాత్రమే కాదు, నేరము. ఆ కృష్ణా జలమునే మన పల్లెలును, హైదరాబాదు నగరమును త్రాగుచున్నవి.

పెట్రోలులో ఎథనాలు ఎంత కలిసినదో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. కొలత గీతలున్న గాజు గొట్టములో 10 పాళ్ల నీరు పోసి, దానిపై 90 పాళ్ల పెట్రోలు పోసి, మూసి బాగుగా కదలించి నిలుపవలెను. ఎథనాలు లేనిచో అడుగున 10 పాళ్ల నీరే కనబడును. నూటికి 20 పాళ్లు కలిసినదైనచో అడుగు పొర 25 గీతను మించి పోవును. బడిపిల్లలు సైతము చేయదగిన ఈ పరీక్షను ప్రతి మత్స్యసహకార సంఘములోను చేయించి చూపినచో పడవవారికి పది ఉపన్యాసములకంటె మేలు కలుగును.

నెలల తరబడి పెట్రోలు నిలువచేయుట ఎథనాలు కాలమునకు తగని యలవాటు. కావలసినంతే కొని వాడవలెను. వేటలేని కాలమున చేతితొట్లను ఖాళీచేసి, పొడిగా మూసి పెట్టవలెను. పడవలోనే కట్టిన లోహపు తొట్టియైనచో గాలికి చోటు లేకుండ ఇంచుమించుగ నిండుగ నుంచవలెను. పాత రబ్బరు గొట్టములు ఎథనాలునకు మెత్తబడి చిట్లును, వానిని మార్చవలెను. ఇది పడవలవారికి మాత్రమే చెప్పినమాట కాదు. భుజమునకు తగిలించుకొని మందు కొట్టు పెట్రోలు స్ప్రేయరు, గడ్డికోత యంత్రము, పెట్రోలుతో నడుచు నీటి పంపు ఏ రైతు కొట్టములో నున్నను అవియు ఈ జాతి ఇంజనులే. గత వర్షాకాలమున మిగిలిన పెట్రోలుతో ఈ వర్షాకాలమున యంత్రమును త్రిప్పుటకు యత్నించి, చెడినదని అమ్మివేసిన రైతులెందరో!

ఇంతవరకు మనము చేయవలసినది. ఇక ప్రభుత్వము చేయవలసినదానిని గూర్చి కొంత చెప్పక తప్పదు.

మేము ఎథనాలునకు విరోధులము కాము. విదేశములనుండి ముడి నూనె కొనుటకై మన ధనము ఏటేట ప్రవాహమువలె పోవుచుండగా, మన పొలములలో పండినదానితో కొంతయైనను నిలుపవలెననుట స్వదేశీ ధర్మమే. మొక్కజొన్న రైతునకు దానివలన గిరాకి వచ్చినమాటయు నిజమే. ఆ కర్మాగారములవలన తమ నీరు, గాలి చెడునని నారాయణపేట జిల్లా చిత్తనూరులోను, గద్వాల ప్రాంతపు పెద్ద ధన్వాడలోను ప్రజలు తిరుగబడిన సంగతి వేరుగా విచారింపదగినది. నేటి మా ప్రశ్న అది కాదు. స్వదేశీ యనగా నాసి సరకును దేశభక్తి పేరున అంటగట్టుట కాదు. ఖద్దరు నేసినవారు నూలు గట్టిదేనా యని చూచుకొనిరి. సారము కలిపినవారు అది ఏ యంత్రమునకు తగునో, దేనికి తగదో చూచుకొని చెప్పవలదా?

పడవ ఇంజనులు చేయు పేరుపొందిన కంపెనీలు తమ యంత్రములకు నూటికి 10 పాళ్లవరకు మాత్రమే ఎథనాలును అంగీకరించుచున్నవి. అమెరికాలో 15 పాళ్ల పెట్రోలును 2001 తరువాతి కార్లకు అనుమతించిన ప్రభుత్వమే, పడవలకు, మోటారు సైకిళ్లకు, చిన్న ఇంజనులకు దానిని నిషేధించినది. పంపుపై ఆ హెచ్చరికను అంటించవలెనని శాసించినది. అచ్చటి పడవల రేవులలో ఎథనాలు లేని పెట్రోలు వేరుగా దొరకును. బ్రెజిలులో 1975నుండియు ఎథనాలు వాడుకలో నున్నదని మన పెద్దలు దృష్టాంతము చూపుదురు. నిజమే, కాని అచ్చట కార్లను ఆ ఇంధనమునకు తగినట్లు చేయుటకు దశాబ్దములు పట్టినది. మనకు 10నుండి 20కి పోవుటకు మూడేండ్లు పట్టినది. ఆ మూడేండ్లలో కార్ల కంపెనీలకు సూచనలందినవి. పడవవానికి అందినదేమి? ఎథనాలు లేని పెట్రోలును కూడ అమ్మవలెనని, పంపులపై పాళ్లను వ్రాయవలెనని కోరుచు వేసిన వ్యాజ్యమును సుప్రీముకోర్టువారు 2025 సెప్టెంబరు 1న త్రోసివేసిరి. న్యాయస్థానపు తీర్పునకు తలవంచెదము. కాని కోర్టు ఆజ్ఞాపింపనిదానిని ప్రభుత్వము తనంత తాను చేయరాదని ఎచ్చటను లేదు. నూరు ఆక్టేను పెట్రోలు కలదు గదా యందురేమో. అది కొన్ని పెద్ద పట్టణములకే పరిమితము, దాని ధర వేటగాని చేతి కందునది కాదు.

మరి యన్నిటికంటె ముఖ్యమైనది వరద పడవల మాట. 2024 సెప్టెంబరు వరదల తరువాత, ఆ డిసెంబరులోనే, తెలంగాణ ప్రభుత్వమువారు విపత్తుల సహాయమునకై ప్రత్యేక దళమును, దానికి బండ్లను, పడవలను ఏర్పరచిరి. మంచి పని. ఆ వరదలలో ఖమ్మములోని ప్రకాశనగరు వంతెనపై చిక్కుకొన్న తొమ్మిదిమందిని, సకాలమున మరియొక సహాయమందనప్పుడు, ఒక జే.సీ.బీ. నడుపువాడు ప్రాణములకు తెగించి తెచ్చెను. అట్టి వీరులమీదనే భారము వేయరాదని గదా ఈ దళము! కాని వరద పడవ పదునొకండు నెలలు గిడ్డంగిలో నుండి, పండ్రెండవ నెలలో ఒక్క గంట వ్యవధిలో బయలుదేరవలెను. దాని డబ్బాలోని పెట్రోలు వయసెంత? అది విడిపోయినదా, లేదా? ఎవరు చూచిరి? ఎన్నడు చూచిరి? ఈ ప్రశ్నలకు ప్రతి జిల్లాలోను సంతకముతో కూడిన సమాధానముండవలెను. దప్పిక వేసినప్పుడు బావి త్రవ్వుట యెట్టిదో, వరద వచ్చినప్పుడు కార్బురేటరు విప్పుట అట్టిదే.

మా కోరికలు పెద్దవి కావు. నాగార్జునసాగరము, శ్రీశైలము, గోదావరి తీరము, సముద్రతీరముల వంటి చోట్ల కనీసమొక్కొక్క బంకులో ఎథనాలు లేని పెట్రోలును సామాన్య ధరకు దగ్గరగా, మత్స్యకారులకు గుర్తింపు చీటిపై ఇప్పించవలెను. ప్రతి పంపుపైని ఎథనాలు పాళ్లు తెలుగు అక్షరములలో పెద్దగా వ్రాయవలెను. భూగర్భపు తొట్టిలో నీటిని కనిపెట్టు ముద్దను కొలకఱ్ఱకు పూసి చేయు పరీక్షను, వర్షాకాలములో కొనువాడు అడిగినప్పుడెల్ల వాని యెదుట చేసి చూపవలెను. కాగితపు పరీక్షతో సరిపెట్టుట చాలదు. ఏటేట మే నెలాఖరులోగా సహాయక దళముల పడవల తొట్లను ఖాళీచేసి, కొత్త ఇంధనము పోసి, నీటిమీద నడిపి చూచి, ఆ ఫలితమును ప్రకటింపవలెను. నీరు కలిసిన ఇంధనముచే ఇంజను చెడినవానికి, ముఖ్యమంత్రి బండికి దొరకిన న్యాయమే దొరకవలెను.

ఇవి చేయుటకు కోట్లు అక్కరలేదు. కలిపినవాడు కలిపితినని చెప్పుట, అమ్మినవాడు తొట్టి చూపుట, కొన్నవాడు డబ్బా తుడుచుట – ఈ మూడును కుదిరిన చాలును. నేడు మూడవవానిమీదనే మొత్తము భారము పడుచున్నది. బ్రాహ్మణ వెల్లెంల నీటిలో రేపు ఒక బెస్త యువకుడు అప్పు చేసి కొన్న ఇంజనుతో మొదటిమారు వలకు పోవును. అతడు తన పని తాను నేర్చుకొనును. మన బెస్తలకు నీటిని గూర్చి ఎవరును నేర్పనక్కరలేదు. పెట్రోలులోని నీటిని గూర్చి మాత్రము, దానిని అట్లు చేసినవారే చెప్పవలెను. సాగరపు పడవవాడు అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది కృష్ణమ్మ కాదు, ప్రభుత్వము. వచ్చు వర్షాకాలమునకు ముందే ఆ సమాధానము వచ్చునని ఆశించుచున్నాము.